నిండిన ట్యాంకు: ఇంటి సెప్టిక్ ట్యాంకు సంరక్షణ, తోడించే సేవ ఎంపికపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

సెప్టిక్ ట్యాంకుల విషయమై నన్ను సంప్రదించేవారిలో చాలామంది మాట మొదలుపెట్టే తీరు ఒక్కటే: “ట్యాంకు నిండిపోయిందండీ.” వారికి నేను చెప్పే జవాబు కూడా ఒక్కటే: ట్యాంకు నిండే ఉండాలి. కొత్తగా కట్టిన ట్యాంకు, ఇంట్లో వాడకం మొదలైన కొద్ది రోజులకే, నీరు బయటికి పోయే పైపు మట్టం వరకు నిండుతుంది. ఆ తరువాత ఎన్నేళ్ళయినా అదే మట్టంలో ఉంటుంది. లోపలికి ఒక బకెట్టు నీరు చేరితే అవతలి వైపు నుంచి ఒక బకెట్టు నీరు పోతుంది. మట్టం అంతకంటే కిందికి దిగి ఉంటే ట్యాంకు ఎక్కడో కారుతోందని, అంతకంటే పైకి లేచి ఉంటే అవతలి దారి మూసుకుపోతోందని గ్రహించాలి. కాబట్టి మనం అడగవలసిన ప్రశ్న ట్యాంకు నిండిందా అన్నది కాదు, ఏమి నిండి ఉంది, అందులో నీరెంత, మడ్డి ఎంత అన్నది. ఈ రోజు నేను చెప్పబోయే విషయమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ట్యాంకు లోపల జరిగే పని చాలా నిదానమైనది. మురుగునీరు అందులో సుమారు ఒకటి రెండు రోజులు కదలకుండా నిలబడాలి. అలా నిలబడినప్పుడు బరువైన పదార్థం అడుగుకు దిగి మడ్డిగా పేరుకుంటుంది. నూనె, జిడ్డు, సబ్బు తేలి పైన తెట్టుగా కడుతుంది. రెంటికీ నడుమ కాస్త తేటగా ఉన్న నీరు మిగులుతుంది. బయటికి పోవలసింది ఆ నడిమి నీరు ఒక్కటే. అందుకే పోయే పైపు మొదట ఒక టీ పైపు (ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో ఉండే పైపు) గాని, అడ్డు పలక గాని అమర్చి, దాని కింది కొస తెట్టుకు దిగువన, మడ్డికి ఎగువన ఉండేలా చూస్తారు. చూడడానికి అతి చిన్న వస్తువు, కాని అది విరిగిపోయిన మరునాటి నుంచి తెట్టు నేరుగా నేలలోకి పోవడం మొదలవుతుంది. ట్యాంకును నడుమ గోడతో రెండు గదులుగా కట్టడంలోని ఉద్దేశమూ ఇదే. మొదటి గదిలో ఆగని బురద రెండవ గదిలో ఆగాలి.

గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు ఈ మడ్డిని కొంత వరకు జీర్ణం చేసుకుంటాయి, వాయువులుగా మారుస్తాయి. అయితే ‘కొంత వరకు’ అన్న మాటను మీరు గట్టిగా గుర్తుంచుకోవాలి. సూక్ష్మజీవులు అంతా తినేస్తాయి, ట్యాంకును ఎప్పటికీ తెరవనక్కరలేదు అన్న భ్రమ ఈ ట్యాంకు పుట్టినప్పటి నుంచీ ఉన్నది. ఫ్రాన్సులోని వెసూల్ పట్టణంలో 1860 ప్రాంతంలో జాన్ లూయి మూరాస్ అనే ఆయన ఇలాంటి కుండీని కట్టించాడు. ఓ పన్నెండేళ్ళ తరువాత తెరిచి చూస్తే ఘనపదార్థం అనుకున్నంత లేకపోవడం ఆయనను ఆశ్చర్యపరిచిందని చెబుతారు. 1881లో ఆయన దానికి పేటెంటు పొందాడు. ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో డోనల్డ్ కామెరాన్ 1895లో కట్టిన దానితో సెప్టిక్ ట్యాంకు అన్న పేరు స్థిరపడింది. ఆ ‘సెప్టిక్’ అన్న మాటకు మూలం కుళ్ళడం అనే అర్థమున్న గ్రీకు పదం. కుళ్ళడమంటే మాయమైపోవడం కాదు. సూక్ష్మజీవులకు అరగని పీచు, ఇసుక, వెంట్రుకలు, ఇంకా అరగవలసిన బురద, అన్నీ అడుగున మిగిలే ఉంటాయి.

ఇంకొక సంగతి. ట్యాంకు నుంచి బయటికి వచ్చే నీరు తేటగా కనిపించినా శుభ్రమైన నీరు కాదు. తేలియాడే మలినంలో సగమో అంతకు కాస్త ఎక్కువో ట్యాంకులో ఆగుతుంది గాని, రోగకారక క్రిములు, పురుగుల గుడ్లు చాలా వరకు నీటితోనే బయటికి వస్తాయి. అసలు శుద్ధి చేసేది ట్యాంకు కాదు, నేల. ఇంకుడు గుంతలోనో, చిల్లుల పైపులు పరిచిన ఇంకుడు కందకాలలోనో నీరు మెల్లగా మట్టిలోకి దిగుతున్నప్పుడు, మట్టి రేణువులు, వాటి నడుమ ఉన్న గాలి, అక్కడ కాపురముండే సూక్ష్మజీవులు కలిసి ఆ మలినాన్ని పట్టి ఉంచి విరగ్గొడతాయి. అందుకే తాగునీటి బావికీ ఈ ఏర్పాటుకూ మధ్య నేల స్వభావాన్ని బట్టి 15 నుంచి 30 మీటర్ల దూరం ఉండాలంటారు. ట్యాంకు గొట్టాన్ని నేరుగా వీధి కాలువలోకి వదిలిన ఇంట్లో, ఎంత పెద్ద ట్యాంకు కట్టించినా, సగం పని మాత్రమే జరిగినట్టు. మిగిలిన సగాన్ని ఆ ఇంటివారు ఇరుగుపొరుగు మీదికి తోసేశారన్నమాట.

ఇక్కడే సంరక్షణకు అసలు కారణం దొరుకుతుంది. ట్యాంకును బాగుచేయడం తేలిక: తోడితే చాలు. ఇంకే నేలను బాగుచేయడం చాలా కష్టం. తోడించకుండా వదిలేస్తే మడ్డి పెరిగి, తెట్టు మందమై, నడుమనున్న తేట నీటికి చోటు తగ్గిపోతుంది. రెండు రోజులు నిలవవలసిన నీరు కొన్ని గంటల్లోనే దాటిపోతుంది. దానితో పాటు బురద కూడా వెళ్ళి మట్టి రంధ్రాలను పూడుస్తుంది. ఒకసారి అలా జిడ్డుతో, బురదతో పూడిన నేల మళ్ళీ నీరు పీల్చుకోవడానికి ఏళ్ళు పట్టవచ్చు, కొన్నిసార్లు కొత్త చోట కొత్త గుంత తవ్వడం తప్ప మార్గముండదు. ట్యాంకును తోడించడం ట్యాంకు కోసమని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అది దాని వెనకనున్న మట్టి కోసం.

ఎన్నాళ్ళకు తోడించాలి? మూడు నుంచి ఐదేళ్ళు అన్న మాట మీరు విని ఉంటారు. అది మంచి సగటే గాని మీ ఇంటికి సరిపోతుందో లేదో మీరే లెక్క వేసుకోవచ్చు. అరిగిన తరువాత ఒక్కొక్క మనిషి వల్ల ఏడాదికి సుమారు 40 నుంచి 80 లీటర్ల మడ్డి మిగులుతుందని ట్యాంకుల కొలతలు వేసే ఇంజనీర్లు లెక్కిస్తారు. నడిమి సంఖ్యగా 60 లీటర్లు తీసుకుందాం. ఐదుగురున్న ఇంట్లో ఏడాదికి 300 లీటర్లు. ట్యాంకులో నీరు నిలిచే చోటు 3,000 లీటర్లయితే, అందులో మూడవ వంతు మడ్డి, తెట్టు ఆక్రమించినప్పుడు తోడించాలన్నది స్థూలమైన నియమం. అంటే 1,000 లీటర్లు, అంటే మూడేళ్ళ పైచిలుకు. అదే ట్యాంకు ఇద్దరే ఉండే ఇంటికి ఎనిమిదేళ్ళకు పైగా సరిపోతుంది. పదిమంది ఉంటే రెండేళ్ళు నిండకుండానే తోడించాల్సి వస్తుంది. ఇంట్లో మనుషుల సంఖ్య మారినా కేలండరు చూసి తోడించేవారిని నేను చాలామందిని చూశాను. కేలండరు కంటే కర్ర నయం.

కర్ర అంటున్నది కొలత కర్రను. పొడవాటి కర్రకు తెల్లని తువ్వాలు చుట్టి అడుగు దాకా నెమ్మదిగా దించి, కొన్ని నిమిషాలు ఉంచి తీస్తే, మడ్డి ఎంత ఎత్తున ఉందో గుడ్డ మీది నల్లని మరక చెబుతుంది. తెట్టు కింది అంచు, బయటికి పోయే టీ పైపు కింది కొసకు 15 సెంటీమీటర్ల లోపుకు దిగివచ్చినా, మడ్డి పై అంచు అదే కొసకు 30 సెంటీమీటర్ల లోపుకు ఎగబాకినా ఇక ఆలస్యం చేయకూడదు. ఈ కొలత మీరే తీయాలని నేను అనడం లేదు. మూత తెరవడంలో ఉన్న ప్రమాదం గురించి కాసేపట్లో చెబుతాను. తనిఖీకి వచ్చిన మనిషిచేత తీయించి, సంఖ్యను మీ పుస్తకంలో రాసుకోండి. రెండు మూడు తనిఖీల కొలతలు ఒకచోట ఉంటే మీ ట్యాంకు పేరుకునే వేగం మీకే తెలిసిపోతుంది.

ఇక రోజువారీ వాడకానికి వద్దాం. ట్యాంకుకు అన్నిటికన్నా పెద్ద శత్రువు మురికి కాదు, నీరు. ఒకేసారి వచ్చిపడే నీరు అడుగున కుదురుకున్న మడ్డిని కలచివేస్తుంది. అందుచేత వారం బట్టలన్నీ ఆదివారమే ఉతికే అలవాటు ట్యాంకుకు మంచిది కాదు. రోజుకొక విడత చొప్పున ఉతకడం మేలు. మిద్దె మీది వాననీటి పైపును ట్యాంకులోకి కలపడం పెద్ద పొరపాటు. అంతకంటే కనిపించని పొరపాటు ఫ్లష్ ట్యాంకు లీకు. లోపలి వాషరు సరిగా కూర్చోక సన్నని దారగా కారే నీరు రోజుకు వందల లీటర్లు కావచ్చు, చప్పుడు కూడా వినిపించదు. ఫ్లష్ ట్యాంకులో కొంచెం రంగు కలిపి అరగంట తరువాత చూడండి. నొక్కకుండానే కమోడులోకి రంగు దిగితే లీకు ఉన్నట్టే. ఒక ఇంట్లో ఇంకుడు గుంత పాడైపోయిందని కొత్తది తవ్వించబోతుండగా, రెండు ఫ్లష్ వాషర్లు మార్చడంతో సమస్య తీరిపోవడం నేను స్వయంగా చూశాను.

వేయకూడని వస్తువుల విషయంలో ఒక్క సూత్రం చాలు: ఒంట్లోంచి వచ్చింది, దానిని కడిగిన నీరు, నీటిలో కరిగిపోయే పలుచని కాగితం తప్ప మరేదీ మరుగుదొడ్డిలోకి పోకూడదు. తడి తుడుపు కాగితాల పొట్లం మీద ఫ్లష్ చేయవచ్చని రాసి ఉన్నా నమ్మవద్దు. అవి నీటిలో విడిపోవు, టీ పైపు దగ్గర తాడులా పెనవేసుకుంటాయి. శానిటరీ నాప్కిన్లు, పసిపిల్లల డైపర్లు, పత్తి, సిగరెట్ పీకలు కూడా అంతే. వంటింటి నుంచి వచ్చే నూనె విషయం ఇంకాస్త మొండిది. వేడిగా ఉన్నప్పుడు ద్రవంలా పోయి, చల్లారాక పైపు గోడకు పట్టుకుంటుంది, మిగిలింది ట్యాంకులో తెట్టును మందం చేస్తుంది. గిన్నెలను ముందుగా కాగితంతో తుడిచి ఆ తరువాత కడగడం, వంటింటి పైపుకు జిడ్డు ఆపే చిన్న తొట్టిని అమర్చి దాన్ని తరచుగా శుభ్రం చేయడం, ఈ రెండూ చేస్తే ట్యాంకు ఆయుష్షు కళ్ళముందే పెరుగుతుంది. రంగులు, రంగు పలుచన చేసే ద్రావకాలు, పురుగుమందులు, మిగిలిపోయిన మాత్రలు లోపల వేయకూడదు. స్నానాలగది కడగడానికి మామూలుగా వాడే కొద్దిపాటి బ్లీచింగు వల్ల ట్యాంకు చచ్చిపోదు; సీసాలకు సీసాలు పోస్తేనే ప్రమాదం.

సూక్ష్మజీవుల పొడులు, ద్రవాలు, ‘నెలకొక పొట్లం వేస్తే తోడించనక్కరలేదు’ అని అమ్మే సరుకు గురించి నా అభిప్రాయం నిష్కర్షగానే చెబుతాను. ట్యాంకుకు కావలసిన సూక్ష్మజీవులు ప్రతిరోజూ మన మలంతోనే కోట్ల సంఖ్యలో చేరుతున్నాయి. వాటికి ఈస్టు కలపడం నదిలో చెంబెడు నీళ్ళు పోయడం లాంటిది. ద్రావకాలు కలిసిన సరుకైతే ఇంకా చేటు: మడ్డిని కరిగించినట్టే కనిపించి, దాన్ని నేలలోకి తరలిస్తుంది. ట్యాంకు తేటగా మారిందని మనం సంతోషిస్తూ ఉంటే ఇంకుడు గుంత పూడిపోతూ ఉంటుంది.

నేల పైన చూసుకోవలసినవి కొన్నే. ట్యాంకు ఎక్కడుంది, మూతలు ఎక్కడున్నాయి, ఇంకుడు గుంత ఎటువైపుంది అన్నది గోడ నుంచి కొలతలతో ఒక కాగితం మీద గీసి పెట్టుకోండి. ఇల్లు అమ్మినా, మేస్త్రీ మారినా ఆ కాగితం ఉండాలి. మూతల మీద టైల్సు పరిచేయడం, వాటిపై కారు షెడ్డు కట్టడం నిత్యం చూస్తున్నాం. ఆ తరువాత తోడించాలంటే సుత్తి, ఉలి పట్టుకోవాలి. ఇంకే చోట బండ్లు నిలిపితే మట్టి గట్టిపడి నీరు దిగదు, చెట్లు నాటితే వేళ్ళు పైపుల్లో దూరతాయి. గడ్డి ఒక్కటే అక్కడ ఉండదగినది. గాలి గొట్టం మిద్దెకంటే ఎత్తుగా ఉండి, దాని నోటికి దోమతెర ఉందో లేదో ఏడాదికొకసారి చూడాలి. ఆ తెర చిరిగితే ట్యాంకు దోమల పుట్టినిల్లవుతుంది.

చెడిపోతున్న ట్యాంకు ముందుగానే చెబుతుంది, వినే ఓపిక కావాలి. ఒక్క స్నానాలగదిలోనే నీరు నిదానంగా పోతుంటే అది ఆ పైపులో అడ్డం, ట్యాంకును నిందించకూడదు. ఇల్లంతటా, ముఖ్యంగా అన్నిటికన్నా కిందనున్న మరుగుదొడ్డిలో, నీరు గుడగుడమంటూ వెనక్కి తన్నుతుంటే విషయం ట్యాంకుదో, ఆపైదో. ఎండాకాలంలో చుట్టూ గడ్డి ఎండి, గుంత మీద మాత్రం పచ్చగా, చిత్తడిగా ఉంటే నేల నీటిని తీసుకోవడం మానేసిందని అర్థం. తోడించిన రెండు మూడు వారాలకే ట్యాంకు మళ్ళీ పొంగితే, తోడినవారు మోసం చేశారని కోపగించుకునే ముందు ఇంకుడు గుంతను పరీక్ష చేయించండి. చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది.

ఇప్పుడు ప్రమాదం సంగతి. ఇందులో నేను పిల్లలకు చెప్పినట్టు చెబుతున్నానని అనుకోవద్దు. సెప్టిక్ ట్యాంకులో మనిషి దిగకూడదు. తలా లోపలికి వంచకూడదు. అందులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్ళిన గుడ్ల వాసన కొడుతుంది. గాలిలో పది లక్షల వంతుల్లో అది వంద వంతులు చేరిందంటే కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది. అంటే వాసన పోయిందంటే ప్రమాదం తగ్గినట్టు కాదు, పెరిగినట్టు కావచ్చు. అది గాలికన్నా బరువు, కనుక అడుగునే పేరుకుంటుంది. అంతకు కొన్ని రెట్లు పెరిగితే మనిషి స్పృహ తప్పడానికి ఎక్కువ సేపు పట్టదు. మీథేను గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిసినప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. ఇవన్నీ ఒక ఎత్తు, రక్షించబోయి చనిపోవడం మరొక ఎత్తు. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ 1986లో ఇలాంటి మూసి ఉన్న చోట్ల జరిగే మరణాలపై హెచ్చరిక జారీ చేస్తూ, చనిపోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవారేనని చెప్పింది. ఎవరైనా పడితే వెంట దూకకుండా అగ్నిమాపక సిబ్బందిని పిలవడమే చేయగలిగిన సాయం. ఎంత చేదైనా ఇది నిజం. పగిలిన మూతను ఒక్క రాత్రి కూడా అలాగే వదలకండి.

దీని నుంచే తోడించే సేవను ఎంచుకునే మొదటి ప్రశ్న పుడుతుంది. ఫోనులోనే అడగండి: మీ మనుషులు లోపలికి దిగుతారా? ‘అవసరమైతే దిగుతారు’ అన్నవారికి వెంటనే నమస్కారం పెట్టేయండి. వాక్యూమ్ పంపు ఉన్న ట్యాంకరు, సరిపడా పొడవైన గొట్టం, గట్టి మడ్డిని కదిలించి పలుచన చేసే పద్ధతి ఉంటే దిగవలసిన అవసరమే రాదు. మడ్డి రాయిలా గట్టిపడిందని, మనిషి దిగితే తప్ప రాదని ఎవరైనా అంటే, అది అతను చెప్పే సాకైనా కావచ్చు, మీరు ఇరవై ఏళ్ళు తోడించకపోవడం వల్లనైనా కావచ్చు. నీరు పోసి కలిపి, రెండు విడతలుగా తోడడమే దానికి మందు. చేతితొడుగులు, బూట్లు, ముఖరక్షణ లేకుండా వచ్చిన పనివారిని చూసి, తక్కువ ధరకు దొరికారని సంబరపడే ఇంటివారి తీరు నాకు నచ్చదు.

రెండవ ప్రశ్న: తోడింది ఎక్కడ పోస్తారు? నా దృష్టిలో ఇది మొదటి దానితో సమానమైనది. ఒక ట్యాంకరు మడ్డిని కాలువలోనో, చెరువులోనో, ఎవరూ చూడని బీడులోనో రాత్రిపూట వదిలితే, ఇన్నేళ్ళు మీరు భూమిలోపల జాగ్రత్తగా పట్టి ఉంచిన మలినమంతా ఒక్కసారిగా బయట పోసినట్టే. ఏలికపాముల గుడ్లు మట్టిలో నెలలు, అనుకూలిస్తే ఏళ్ళ తరబడి బతుకుతాయి. మడ్డిని శుద్ధి చేసే కేంద్రానికి తీసుకుపోయేవారి దగ్గర అక్కడ దించినట్టు రసీదు ఉంటుంది. ఆ రసీదు నకలు ఇస్తారా అని ముందే అడగండి. స్థానిక సంస్థ అనుమతి ఉందా, బండి నంబరు ఆ అనుమతిలో ఉందా అన్నవి కూడా చూడవచ్చు. ఈ ప్రశ్నలకు విసుక్కునేవారు సాధారణంగా మిగతా ప్రశ్నలకూ విసుక్కుంటారు.

ఆ తరువాతివి పని నాణ్యతకు సంబంధించినవి. ట్యాంకరు ఎన్ని లీటర్లు పడుతుంది, మీ ట్యాంకు ఎంత అన్నది సరిపోల్చుకోవాలి. మీ ట్యాంకు 6,000 లీటర్లయి, వచ్చిన బండి 3,000 లీటర్లదైతే, ఒక్క విడతతో పైనున్న నీరు మాత్రమే పోయి, అసలు పోవలసిన మడ్డి అలాగే మిగులుతుంది. ధర విడతకా, లీటర్లకా, మొత్తం పనికా అన్నది బండి కదలకముందే తేల్చుకోవాలి; గొట్టం అదనపు పొడవుకు, మూత తవ్వి తీయడానికి వేరే రుసుము ఉందేమో అడగాలి. రెండు గదుల మూతలూ తెరిచి రెంటినీ తోడాలి. చిన్న తనిఖీ గొట్టంలోంచి గొట్టం దించి తోడేవారు అడుగుకు చేరలేరు. పైగా టీ పైపును విరగ్గొట్టే ప్రమాదం ఉంది. తోడడం సగమయ్యాక ఒక్క నిమిషం ఆగమని, ఇంకుడు గుంత వైపు పైపు నుంచి నీరు వెనక్కి ట్యాంకులోకి కారుతోందేమో చూసి చెప్పమని అడగండి. కారుతుంటే గుంత నిండిపోయి ఉందన్నమాట. ఈ ఒక్క గమనిక మీరు చెల్లించే డబ్బులో సగం విలువ చేస్తుంది. ఖాళీ అయిన తరువాత పైనుంచే టార్చి లైటుతో గోడల పగుళ్ళు, టీ పైపులు, నడిమి గోడ చూడాలి. మంచి సేవవారు ఇదంతా అడగకుండానే చేసి, తేదీ, తోడిన లీటర్లు, మడ్డి మందం, కనిపించిన లోపాలు రాసిన చీటీ ఇస్తారు.

తక్కువ ధర చెప్పినవారిని ఎప్పుడూ ఎంచుకోకూడదని నేను అనను. ఎందుకు తక్కువో వారు చెప్పగలిగితే చాలు. శుద్ధి కేంద్రం దగ్గరగా ఉండడం, అదే వీధిలో నాలుగు ఇళ్ళ పని ఒకేరోజు పెట్టుకోవడం న్యాయమైన కారణాలు. నిజానికి ఇరుగుపొరుగు కలిసి ఒకే రోజు తోడించుకుంటే అందరికీ కలిసివస్తుంది. ఆ పనికి ట్యాంకు పొంగిన రోజు కాకుండా, పొడి వాతావరణంలో, తీరికగా బేరం చేయగలిగిన రోజును ఎంచుకోవాలి. పొంగిన రోజు ఇంటివారికి ప్రశ్నలు గుర్తుకు రావు, ఫోనుకు మొదట పలికినవారే మంచివారవుతారు.

వానాకాలం గురించి ఒక హెచ్చరిక. భూగర్భజలం పైకి వచ్చి, చుట్టూ నేల నీటితో నిండి ఉన్నప్పుడు ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించకూడదు. ఖాళీ ట్యాంకు నీటిలో వదిలిన కుండలా తేలుతుంది. ప్లాస్టిక్, ఫైబర్ ట్యాంకులైతే నేలలోంచి లేచి పైపులు తెంపుకుంటాయి, గోడలు లోపలికి నొక్కుకుపోయేవీ ఉన్నాయి. వరద తగ్గి నీటిమట్టం దిగేదాకా ఇంట్లో వాడకం తగ్గించి ఆగడమే ఉత్తమం.

సభికులు రాసి పంపిన చీటీలలో రెండు నా చేతికందాయి. మొదటిది: “తోడేటప్పుడు సూక్ష్మజీవుల కోసం కొంచెం మడ్డి విత్తనంగా వదలాలా?” అక్కరలేదు. ఎంత తోడినా గోడలకు, మూలలకు అంటుకున్నది చాలు, మిగతావి మొదటి రోజు వాడకంతోనే వస్తాయి. గోడలను సబ్బుతోనో బ్లీచింగుతోనో రుద్ది కడిగించకుండా ఉంటే చాలు.

రెండవది: “తోడించిన తరువాత ఎన్ని గంటలు ఆగి వాడాలి?” ఆగనక్కరలేదు. మూతలు సరిగా కూర్చున్నాయో లేదో, అంచులకు సిమెంటు పూశారో లేదో చూసుకోండి. చుట్టుపక్కల మడ్డి చింది ఉంటే సున్నం చల్లించి, ఆ చోటికి పిల్లలను పోనీయకండి. వీలైతే ట్యాంకులోకి శుభ్రమైన నీటిని బయటికి పోయే పైపు మట్టం దాకా పట్టించండి. పట్టించకపోయినా కొద్ది రోజుల్లో ఇంట్లోని నీటితోనే అది నిండుతుంది. నిండిందని మాత్రం నాకు ఫోను చేయకండి.